నాగోల్‌లో ఫ్లాటా, రాంపల్లిలో ఇల్లా? మొదటిసారి కొంటున్నాం, కాస్త చెప్పండి

రాసింది: చండూరు పిలగాడు

అన్నలూ, అక్కలూ, పోస్టు పెద్దదే, ఓపిక పట్టండి.

నాకు 28 ఏళ్లు, పెళ్లయి ఏడాదిన్నర. మాది నల్గొండ జిల్లా, చండూరు దగ్గర పల్లె. రాయదుర్గంలో టెస్టింగ్ ఉద్యోగం, చేతికి 74 వేలు. మా ఆవిడ నాగోల్ దగ్గర ఒక హాస్పిటల్‌లో ల్యాబ్ టెక్నీషియన్, 31 వేలు. వారంలో రెండు మూడు రోజులు నైట్ డ్యూటీ ఉంటుంది. రామంతాపూర్‌లో 16 వేల అద్దెకు ఉంటున్నాం. ఓనరు మంచోడే గానీ గోడకు మేకు కొడితే పైనుంచి దిగివచ్చి చూసిపోతాడు. మొన్న మా పెళ్లి ఫోటో తగిలిద్దామంటే డ్రిల్లు చప్పుడు విని చెప్పుల్లేకుండా వచ్చాడు. ఆ రాత్రే సొంతిల్లు కొనాలని ఇద్దరం గట్టిగా అనుకున్నాం.

మా దగ్గర 18 లక్షలు ఉన్నాయి. నాన్న ఇంకో 5 ఇస్తానన్నాడు. మూడు నెలలుగా ప్రతి ఆదివారం తిరుగుతున్నాం. చివరికి రెండు మిగిలాయి.

ఒకటి నాగోల్‌లో ఫ్లాట్. 420 గజాల్లో కట్టిన అపార్ట్‌మెంట్, ఎనిమిదేళ్ల పాతది. మేం చూసింది మూడో అంతస్తు, తూర్పు ముఖం, రెండు బెడ్‌రూములు. 1180 ఎస్‌ఎఫ్‌టీ అన్నారు గానీ నేను టేపు పట్టుకెళ్లి గదులన్నీ కొలిస్తే లోపల 870 కూడా పూర్తిగా రాలేదు. కొలుస్తుంటే బ్రోకర్ నవ్వాడు, 'కామన్ ఏరియా సార్, అందరికీ ఇంతే' అన్నాడు. యూడీఎస్, అంటే స్థలంలో మన వాటా, 42 గజాలు. ధర 72 లక్షలు, మొత్తం వైట్, అంటే అంతా కాగితం మీదే, క్యాష్ లేదు. పర్మిషన్ స్టిల్ట్ ప్లస్ నాలుగుకు (కింద పార్కింగ్, పైన నాలుగు అంతస్తులు) ఉందని ప్లాన్ కాపీ వాట్సాప్ చేశాడు. మెట్రో స్టేషన్ నడిచి పోయేంత దూరం. మేం వెళ్లిన రోజు కరెంటు లేక మెట్లెక్కాం, మూడో అంతస్తుకే మా అమ్మకు ఆయాసం వచ్చింది.

రెండోది రాంపల్లి వైపు ఇండిపెండెంట్ ఇల్లు. సరిగ్గా 100 గజాలు, అంటే 20 బై 45. కొత్తగా కట్టారు, ఇంకా లప్పం వాసన పోలేదు. ముందు బండి పెట్టుకునేంత జాగా, పైన ఇంకో అంతస్తు వేసుకోవచ్చని పిల్లర్ల ఊచలు వదిలి వాటికి ప్లాస్టిక్ సీసాలు బోర్లించారు. 78 లక్షలు అడుగుతున్నాడు. నల్లా ఇంకా రాలేదు, బోరు ఉంది. ఓనరు కమ్ మేస్త్రీ ఒక మాట అన్నాడు: రిజిస్ట్రేషన్ 45 లక్షలకే చేద్దాం, మీకే రెండున్నర లక్షలు మిగులుతాయి, తక్కినది క్యాష్ ఇవ్వండి అని. మంచి ఆఫరే అనిపించింది. చర్లపల్లి రైల్వే టెర్మినల్ 2025 జనవరిలో మొదలైంది కదా, ఆ వైపు రేట్లు ఇక ఆగవంటున్నాడు.

మా నాన్నది ఒకటే మాట: 'గాల్ల ఇల్లు కొంటవారా? కింద జాగ ఎవనిది?' మా ఆవిడది ఇంకో మాట: 'రాత్రి రెండింటికి డ్యూటీ దిగి ఆ రాంపల్లి రోడ్డు మీద నేను రాను.' నేను మధ్యలో ఉన్నాను. రాంపల్లి నుంచి ఉప్పల్ మెట్రో దాకా బండి మీద పొద్దున 40 నిమిషాలు పట్టింది, చూసుకున్నాను. అక్కడి నుంచి రాయదుర్గానికి మళ్లీ దాదాపు గంట.

ఇలాంటి పరిస్థితిలో మీరైతే ఏం చేసేవారు?

మల్కాజిగిరి అక్క:

తమ్ముడూ, ఆరేళ్లుగా ఫ్లాట్‌లో ఉంటున్నదాన్ని, ఉన్నది ఉన్నట్టు చెప్తాను.

మాది కూడా నీలాంటి చిన్న అపార్ట్‌మెంటే, పది ఇళ్లు. మెయింటెనెన్స్ నెలకు 2500. దాంట్లో వాచ్‌మన్ జీతం, లిఫ్టు, మెట్ల లైట్లు, మోటారు కరెంటు, చెత్త బండి వస్తాయి. మామూలు నెలల్లో సరిపోతుంది. కిందటేడు లిఫ్టు మోటారు పోయింది. లక్షా నలభై వేలన్నాడు మెకానిక్, ఇంటికి 14 వేలు పడింది. ఫస్ట్ ఫ్లోర్ ఆయన 'నేను లిఫ్ట్ ఎక్కనే ఎక్కను, నేనెందుకివ్వాలి' అని కూర్చున్నాడు. రెండు నెలలు గ్యాస్ సిలిండర్లు మెట్ల మీదే మోశాం. చివరికి ఆయన కూతురు పురిటికి వచ్చింది, వారం తిరిగేలోపే డబ్బులిచ్చాడు.

దానికన్నా పెద్ద తలనొప్పి పైవాళ్ల బాత్‌రూమ్. మా పూజగది పైన సరిగ్గా వాళ్ల కామన్ బాత్‌రూమ్ వస్తుంది. ముందు అణా బిళ్లంత పసుపు మచ్చ కనిపించింది. ఉగాది నాటికి పళ్లెమంత అయింది. శ్రావణమాసంలో వెంకటేశ్వరస్వామి పటం మీద చుక్క పడింది. పై ఓనరు డల్లాస్‌లో ఉంటాడు. ఫోన్ చేస్తే 'టెనెంట్‌ని అడగండి ఆంటీ' అంటాడు, టెనెంటేమో 'ఓనర్‌ని అడగండి' అంటాడు. నా వయసు నలభై ఒకటి, ఆ ఆంటీ అన్నది ఇంకా మర్చిపోలేదు. ఆఖరికి నా డబ్బుతోనే వాళ్ల బాత్‌రూమ్ టైల్స్ తీయించి వాటర్ ప్రూఫింగ్ చేయించాను. 38 వేలు.

అయినా ఇల్లు మారతావా అంటే మారను. మా ఆయనకు అర్ధరాత్రి గుండెల్లో పట్టేసినట్టయితే ఎదురింటి వాళ్లబ్బాయి కారు తీశాడు, కింద వాచ్‌మన్ గేటు తీసి పట్టుకున్నాడు, పక్కింటావిడ మా పిల్లలిద్దర్నీ తెచ్చి తన ఇంట్లో పడుకోబెట్టుకుంది. గ్యాస్ నొప్పేనని తేలిందనుకో. నైట్ డ్యూటీ చేసే అమ్మాయి నోట వచ్చిన మాటను మాత్రం తేలిగ్గా తీసుకోకు. రోజూ ఆ దారిన రావాల్సింది ఆ పిల్ల.

బడంగ్‌పేట బాబాయ్:

బాబూ, మీ నాన్న చెప్పిన దాంట్లో తప్పేం లేదు. నేను 2016లో 120 గజాల్లో ఇల్లు కట్టుకున్నాను. తర్వాత పైన ఒక పోర్షన్ వేశాను, 11 వేలు అద్దె వస్తుంది. మామిడి చెట్టు పెట్టాను, కరివేపాకు ఉంది, కుక్క ఉంది. ఎవడినీ అడగక్కర్లేదు. మా అబ్బాయి పెళ్లికి ఇంటి ముందే పందిరి వేశాం.

కానీ ఎవడినీ అడగక్కర్లేదంటే అన్నీ మనమే చూసుకోవాలని కూడా అర్థం. సంపు కడగడం, మోటారు కాలిపోతే మనిషిని పిలవడం, డ్రైనేజీ పొంగితే కాలనీ వాట్సాప్‌లో రాసి ఎవరూ పలకకపోతే నువ్వే కర్ర పట్టుకుని దిగడం. సంక్రాంతికి ఊరెళ్తే వారం రోజులు మనసంతా ఇంటి తాళం మీదే ఉంటుంది. మా వీధిలో ఒకాయన బట్టల దండెం మీద రెండు చొక్కాలు ఆరేసి వెళ్తాడు, మనుషులున్నట్టు కనిపించాలని. దొంగలకు ఆ సంగతి తెలిసి కూడా చాలా కాలమైంది.

నీళ్ల గురించి ఇంకో మాట. 2020 అక్టోబరు 13 రాత్రి వాన నీకు గుర్తుండే ఉంటుంది. ముందు సంపు మూత లేచింది. తర్వాత బాత్‌రూమ్ జాలీలోంచి బుడబుడమని నీళ్లు పైకి వచ్చాయి. ఫ్రిజ్‌ని మంచం మీద పడుకోబెట్టి మేం పై పోర్షన్‌లోకి వెళ్లాం. తెల్లారి చూస్తే కాంపౌండ్ గోడకు మోకాలి ఎత్తున బురద గీత. మూడు సార్లు రంగు వేశాను, వాన పడిన ప్రతిసారీ ఆ గీత మళ్లీ పైకి తేలుతుంది. కొనేటప్పుడు ఎండాకాలంలో చూశాను, అదీ నేను చేసిన తప్పు. నీకు చూపించేది కొత్తగా రంగు వేసిన ఇల్లు, దాని మీద గీత ఉండదు. పక్క పాత ఇళ్ల గోడలు చూడు. మూల మీది కిరాణా కొట్టువాణ్ని అడుగు, బియ్యం బస్తాల కింద చెక్కలు ఎంత ఎత్తు వేశాడో చూడు. వాడికి తెలిసినంత ఏ ఇంజనీరుకూ తెలియదు.

దగ్గర్లో చెరువుంటే ఎఫ్‌టీఎల్, అంటే చెరువు నిండితే నీళ్లు నిలిచే హద్దు, ఎక్కడిదాకా వస్తుందో కనుక్కో. పది హెక్టార్లు దాటిన చెరువుకు అక్కడి నుంచి 30 మీటర్లు బఫర్ (ఏమీ కట్టకూడని జాగా), చిన్నవాటికి 9 మీటర్లు. 2024లో ఆక్రమణలు కూల్చే హైడ్రా వచ్చాక ఇది ఉత్త కాగితం మాట కాకుండా పోయింది. ఇంకోటి, ఆ లేఅవుట్ పంచాయతీదా, నగరాభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏదా? పంచాయతీ లేఅవుట్ అయితే ఎల్ఆర్ఎస్ (అనుమతి లేని లేఅవుట్లను క్రమబద్ధం చేసే పథకం) ప్రొసీడింగ్స్, అంటే మంజూరు కాగితం, చేతికి వచ్చాయా, లేక 2020లో వెయ్యి రూపాయలు కట్టిన రసీదు మాత్రమే చూపిస్తున్నారా? రసీదు వేరు, ప్రొసీడింగ్స్ వేరు.

అద్దె మహారాజు:

16 వేల అద్దెలో హాయిగా ఉన్నోడివి నెలకు 50 వేల ఈఎంఐ ఎందుకు నెత్తిన పెట్టుకుంటావ్ బ్రో. ఆ తేడా నెలనెలా మ్యూచువల్ ఫండ్ ఎస్‌ఐపీలో పెట్టు. ఇరవై ఏళ్లకు రెండు ఇళ్లొస్తాయి.

చండూరు పిలగాడు:

అన్నా, మీరు మా ఓనర్ని చూడలేదు.

లెక్క నాకూ తెలుసు. ఆ తేడా నెలనెలా పక్కన పెట్టే బుద్ధి నాకుంటే మీరన్నది కరెక్టే. ఈఎంఐ అయితే ఐదో తారీకు దానంతటదే కట్ అవుతుంది. నాలాంటోడికి అలాగైతేనే కుదురుతుంది.

లోన్ సెక్షన్ మనిషి:

నేను హోమ్ లోన్ ఫైళ్లు చూసే ఉద్యోగం చేస్తాను. ఏ బ్యాంకని అడగొద్దు. 45 లక్షల రిజిస్ట్రేషన్ మాట చదివి ఆగలేక రాస్తున్నా.

ఆ మేస్త్రీ మీకు రెండున్నర లక్షలు మిగులుతాయన్నాడు. నిజమే, కాగితం మీద తగ్గించే 33 లక్షల మీద ఏడున్నర శాతం రిజిస్ట్రేషన్ ఖర్చు దాదాపు అంతే. కానీ బ్యాంకు లోన్ ఇచ్చేది కాగితం మీద ఉన్న ధరకు. 30 నుంచి 75 లక్షల మధ్య లోన్‌కు ఆస్తి విలువలో గరిష్ఠంగా 80 శాతం వరకే ఇవ్వాలని రిజర్వ్ బ్యాంక్ నిబంధన. 45కు 80 శాతం అంటే 36 లక్షలు. ఇంటికి మీరివ్వాల్సింది 78. మిగతా 42 లక్షలు ఎక్కడి నుంచి తెస్తారు? మీ దగ్గరున్నవి 23. దాంట్లోనే రిజిస్ట్రేషన్ ఖర్చు కూడా పోవాలి, దానికి బ్యాంకు ఇవ్వదు.

45 అనే అంకె ఎందుకొచ్చిందనుకున్నారు? ధర 50 లక్షలకు చేరితే కొనేవాళ్లు 1 శాతం టీడీఎస్ (ముందే పట్టుకునే పన్ను) కోసి, అమ్మేవాళ్ల పాన్ మీద కట్టాలి. అప్పుడు ఆయన లెక్క ఆదాయపు పన్ను వాళ్లకు కనిపిస్తుంది. మిగిలేది ఆయనకు, మీకు కాదు. పైగా రేపు మీరు ఆ ఇల్లు కోటికి అమ్మితే, మీరు కొన్నది 45కే అన్నట్టు లాభం లెక్క కడతారు. స్థలం, ఇల్లు వ్యవహారంలో 20 వేలు, ఆపైన క్యాష్ తీసుకోవడమే చట్టం ఒప్పుకోదు. ఒకవేళ మధ్యలో బేరం చెడితే మీరిచ్చిన క్యాష్‌కు రసీదు ఉండదు, గుర్తుంచుకోండి.

ఫ్లాట్ లెక్క ఇది. 72లో 80 శాతం 57.6 లక్షలు. ఎనిమిదిన్నర శాతం వడ్డీ, ఇరవై ఏళ్లు అనుకుంటే లక్షకు నెలకు 868, మొత్తం సుమారు 50 వేలు. ఇరవై ఏళ్లలో కట్టేది కోటీ ఇరవై లక్షలు. ఈ అంకె చూసి భయపడక్కర్లేదు, మధ్యలో బోనస్ వచ్చినప్పుడల్లా కొంత అసలు కట్టేయండి. ఫ్లోటింగ్ (మారుతుండే) వడ్డీ హోమ్ లోన్‌ను ముందే తీర్చినా మీ మీద పెనాల్టీ వేయరు. మీరు పెట్టాల్సింది 14.4 లక్షలు, రిజిస్ట్రేషన్ 5.4, మొత్తం 19.8. పాతది కాబట్టి జీఎస్టీ లేదు. మీ 23లో మూడు లక్షల పైన మిగులుతాయి. వాటిని కొత్త సోఫాకు ముట్టుకోకండి. మీ ఇద్దరి జీతం 1.05 లక్షలు, సగం ఈఎంఐకే పోతుంది. ఒకరి ఉద్యోగం మూణ్నెల్లు ఆగితే ఆ డబ్బే కాపాడాలి.

టీడీఎస్ మాట ఫ్లాట్‌కు కూడా వర్తిస్తుంది. 72 వేలు కోసుకుని మిగతాది ఇవ్వండి. మా దగ్గరికొచ్చే వాళ్లలో చాలామంది అది మర్చిపోయి తర్వాత వడ్డీతో కడతారు.

సైట్ ఇంజనీర్:

పిలగా, నీ పోస్టు రెండు సార్లు చదివా. ఫ్లాట్ దగ్గర ఒక లెక్క కలవట్లేదు.

స్థలం 420 గజాలన్నావు. నీ వాటా 42. అంటే పది ఫ్లాట్లకు సమానంగా పంచారన్నమాట. పర్మిషన్ మాత్రం స్టిల్ట్ ప్లస్ నాలుగు. అంతస్తుకు రెండు ఫ్లాట్ల చొప్పున నాలుగు అంతస్తుల్లో ఎన్ని వస్తాయి? ఎనిమిది. ఎనిమిదికి పంచితే నీకు 52 గజాల మీద రావాలి. ఆ మిగతా రెండు ఫ్లాట్లు ఏ అంతస్తులో ఉన్నాయి?

ఒకవేళ అంతస్తుకు రెండు కాకపోతే నేను పొరబడ్డట్టే. మళ్లీ వెళ్లు, కరెంటు ఉన్నప్పుడు. లిఫ్టులో బటన్లు ఎన్ని ఉన్నాయో చూడు.

ఎందుకు చెప్తున్నానంటే పన్నెండేళ్లుగా ఈ పనిలోనే ఉన్నా. నాలుగుకు పర్మిషన్ తెచ్చి ఐదో స్లాబ్ వేసేవాళ్లను బోలెడు మందిని చూశా. పర్మిషన్ ఇచ్చేటప్పుడు బిల్డర్ పది శాతం కట్టుబడి ఏరియాను మునిసిపాలిటీకి తనఖా పెడతాడు. ప్లాన్ ప్రకారం కట్టాడని చూసి ఓసీ, అంటే ఇక ఉండొచ్చనే సర్టిఫికెట్, ఇచ్చాకే దాన్ని విడిపిస్తారు. ఐదో అంతస్తు లేపినోడికి ఓసీ రాదు. ఓసీ లేకపోతే ఆ తనఖా ఫ్లాటు అలాగే తనఖాలో ఉంటుంది. అది నువ్వు చూసిన ఫ్లాటే అయితే? ఈసీ (ఆస్తి మీద జరిగిన అమ్మకాలు, తనఖాలు చూపే కాగితం) తీసి చూడు, అందులో కనిపిస్తుంది.

ఇంతకన్నా నాకు ముఖ్యమైంది పిల్లర్లు. నాలుగు స్లాబుల బరువుకని లెక్క గట్టి ఊచలు వేసిన పిల్లర్ల మీద ఐదోది వచ్చి కూర్చుంది. దాని మీద మళ్లీ వాటర్ ట్యాంకు. కింద పార్కింగ్‌లో పిల్లర్ల మొదట్లో సిమెంటు పెచ్చులు లేచాయా, నిలువుగా సన్నటి పగుళ్లున్నాయా చూడు. తాళంచెవితో ప్లాస్టర్ మీద తట్టు, లోపల డొల్లగా మోగితే అక్కడ పట్టు పోయినట్టే.

ఇది రెరాలో (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ దగ్గర) ఉంటుందిలే అనుకోకు. 500 చదరపు మీటర్ల లోపు స్థలమైతే రెరా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. 420 గజాలంటే 351 చదరపు మీటర్లే. ఇలాంటి చిన్న అపార్ట్‌మెంట్లు దాదాపు అన్నీ ఆ గీతకు కిందే ఉంటాయి.

ఇల్లు సంగతి అంటావా, పైన వదిలిన ఊచల మీద ప్లాస్టిక్ సీసాలన్నావు కదా. మంచిదే, తుప్పు పట్టకుండా పెడతారు. కానీ ఊచ ఉన్నంత మాత్రాన పునాది రెండో అంతస్తు మోస్తుందని కాదు. స్ట్రక్చరల్ డ్రాయింగ్ అడుగు. అమ్మడానికి కట్టే మేస్త్రీల దగ్గర చాలాసార్లు అది ఉండదు, 'మన చేతి లెక్క సార్' అంటారు.

చండూరు పిలగాడు:

పది రోజులు ఆలస్యంగా వచ్చాను, క్షమించండి. చాలా జరిగాయి.

ముందు ఫ్లాట్. ఇంజనీరన్నా, మీకు దండం పెట్టాలి. మంగళవారం ఆఫీస్ నుంచి మెట్రో దిగి, బ్రోకర్‌కు చెప్పకుండా నేనొక్కణ్నే వెళ్లాను. వాచ్‌మన్ గుర్తుపట్టి లిఫ్ట్ ఎక్కించాడు. బటన్లు జి, 1, 2, 3, 4. వాటి పైన ఇంకో బటన్, అంకె లేదు, దాని మీద వినాయకుడి స్టిక్కర్. నొక్కాను. ఐదో అంతస్తులో రెండు గుమ్మాలు, ఒకదాని ముందు చిన్నపిల్లల సైకిలు. వీధిలోంచి చూస్తే అది కనపడదు, కాస్త లోపలికి జరిపి పైన రేకులు వేశారు. వాచ్‌మన్‌ని అడిగితే, 'మొదట పెంట్‌హౌసే అన్నరు సార్, తర్వాత రెండిండ్లు చేసిండ్రు' అన్నాడు. బ్రోకర్‌కు ఫోన్ చేసి ఓసీ అడిగాను. 'హైదరాబాద్‌లో ఎవడికుంది సార్ ఓసీ' అన్నాడు. నాలుగు లక్షలు తగ్గిస్తారట. వద్దన్నాను. మా ఆవిడకు ఆ వంటింటి కిటికీ బాగా నచ్చింది, పాపం రెండు రోజులు మాట్లాడలేదు. నా మీద కాదు, మొత్తం మీదే అలిగింది.

ఇంటి సంగతి ఇంకా చిత్రం. క్యాష్ కుదరదు, మొత్తం వైట్‌లోనే ఇస్తామని మేస్త్రీకి చెప్పాం. అయితే 84 అన్నాడు. బేరం అక్కడే ఆగేదే గానీ, మా నాన్న ఊరి నుంచి దిగాడు. తానే చూసి మాట్లాడతానన్నాడు, ఐదు లక్షలు ఇచ్చేవాడాయె, కాదనలేను. ఆదివారం అమ్మానాన్నలను రాంపల్లి తీసుకెళ్లాను. నాన్న ఇల్లంతా తిరిగాడు, గోడలు అరచేత్తో తట్టాడు, ఇంటి ముందు మట్టి తీసి వేళ్ల మధ్య నలిపాడు. ముఖం వెలిగిపోతోంది. బేరం కుదిర్చేస్తాడనే అనుకున్నా. అప్పుడు మోటారు వేయమన్నాడు. దోసిట్లో నీళ్లు పట్టి నోట్లో పోసుకుని కాసేపు పుక్కిట పట్టి ఉమ్మేశాడు. ఏమీ అనలేదు. బండిలోంచి రెండు లీటర్ల సీసా తీసి నింపించుకున్నాడు.

ఇంటికొచ్చాక అమ్మ ఆ నీళ్లతో కందిపప్పు పెట్టింది. మూడు విజిళ్లు, ఐదు, ఎనిమిది. మూత తీస్తే పప్పు గింజ గింజలుగానే ఉంది. గిన్నె అంచున తెల్లటి సున్నపు పొర. రాత్రి స్టీలు గ్లాసులో మిగిలిన నీళ్లు పొద్దున చూస్తే పైన తెట్టె కట్టింది.

మా వైపు సంగతి తెలిసిన వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. మర్రిగూడ, మునుగోడు, చండూరు చుట్టుపక్కల ఫ్లోరైడ్ బోరునీళ్లు తాగి నడుములు వంగిపోయిన మనుషుల మధ్య పెరిగాం. మా పెదనాన్న కృష్ణా నీళ్లు రాకముందే పోయాడు. యాభై ఏళ్లు కూడా లేవు, మెడ పక్కకు తిప్పలేకపోయేవాడు. రాంపల్లి నీళ్లలో ఫ్లోరైడ్ ఉందని నేననట్లేదు, మేం టెస్ట్ చేయించలేదు, అది ఉత్త చవుడు నీళ్లే కావచ్చు. కానీ మా నాన్న ఆ గ్లాసు చాలాసేపు చూశాడు. 'జాగ కావాలన్నగని, గీ నీళ్లు మల్ల తాగుమనలే. మేం తాగింది చాలు. నల్లా వచ్చినంక సూద్దాం' అని చొక్కా వేసుకుని బస్సెక్కాడు. ఐదు లక్షలు మాత్రం ఇస్తానన్నాడు. ఫ్లాటైనా సరేనట, 'కృష్ణ నీళ్లొచ్చే కాడ' కొనమన్నాడు.

ఇప్పుడు నాగోల్‌లోనే, అదే మెట్రోకు ఇంకో రెండు వీధుల అవతల ఒకటి దొరికింది. 360 గజాలు, స్టిల్ట్ ప్లస్ నాలుగు, ఎనిమిదే ఫ్లాట్లు, యూడీఎస్ 45. ఈసారి నేనే భాగించి చూసుకున్నా. లిఫ్ట్ బటన్లు కూడా లెక్కపెట్టా. 1050 ఎస్‌ఎఫ్‌టీ, రెండో అంతస్తు, 66 లక్షలు. ఓసీ కాపీ చూపించారు. ప్లాన్, పాత ఓనర్ల నుంచి వచ్చిన లింక్ డాక్యుమెంట్లు, ముప్పై ఏళ్ల ఈసీ లాయర్‌కు ఇచ్చాం, వారంలో చెప్తానన్నాడు. పిల్లర్లు తాళంచెవితో తట్టి చూశాను, వాచ్‌మన్ నన్ను పిచ్చోడిలా చూశాడు.

చిక్కు ఒకటే, పడమర ముఖం. మా అమ్మ ససేమిరా అంటోంది. నేను ఏడింటికి ముందు ఇంటికి రానే రాను కాబట్టి గుమ్మం ఎటున్నా నాకు ఒకటే. మా ఆవిడ మాత్రం నైట్ డ్యూటీ చేసి పగలు పడుకుంటుంది. పడమటి బెడ్‌రూమ్ ఎండకు ఎలా ఉంటుందో అన్నదే దిగులు. ఆదివారం పొద్దున మళ్లీ చూడ్డానికి వెళ్తున్నాం. ఇంకేమైనా చూడాలా?

మల్కాజిగిరి అక్క:

పొద్దున వెళ్లకు తమ్ముడూ, మధ్యాహ్నం మూడింటికి వెళ్లు. బెడ్‌రూమ్ పడమటి గోడ మీద చెయ్యి పెట్టి చూడండి. నువ్వు కాదు, మీ ఆవిడ పెట్టాలి. ఎండ ఎక్కువైతే బయట సన్‌షేడ్ పెంచుకోవచ్చు, మంచం తూర్పు గదిలో వేసుకోవచ్చు, దానికేం లేదు.

మీ అమ్మగారికి చెప్పు, మాది పడమర ముఖమే, ఆరేళ్లలో ఇద్దరు పిల్లలకూ సీట్లు వచ్చాయి. లిఫ్టు మోటారు సంగతి చెప్పొద్దు.

అదీగాక మూడో అంతస్తు వాళ్ల తలుపు తట్టి, మంచినీళ్లడిగి, వాళ్ల బాత్‌రూమ్ మీ ఏ గది మీద వస్తుందో చూసి రా.